సైకిల్ మీటరు సున్నా చూపిస్తే ఎవరిని నమ్మాలి?

ఇంటి ప్రయోగశాల: 7 నుంచి 10వ తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకు



సైకిల్ కొనిపెట్టిన ఇళ్లలో రెండో కోరిక సాధారణంగా హ్యాండిల్ మీద పెట్టుకునే చిన్న మీటరు. వేగం, దూరం, ఎంతసేపు తొక్కాం అన్నవి చూపిస్తుంది. వైరు ఉన్నది చవక, వైరు లేనిది కాస్త ఖరీదు. పిల్లలు వైరు లేనిదే అడుగుతారు, మనమూ కొనిస్తాం. కొన్నాళ్లు బాగానే పనిచేస్తుంది. తర్వాత ఒక సాయంత్రం ఫిర్యాదు మొదలవుతుంది: "డాడీ, నేను తొక్కుతూనే ఉన్నా, అది సున్నా చూపిస్తోంది."

ఈ మాట వినగానే కొందరు మీటరు పాడైందని కొత్తది ఆర్డరు పెట్టేస్తారు. ఇంకొందరు పిల్లవాడు తొక్కకుండానే తొక్కానంటున్నాడని అనుకుంటారు. డబ్బు పోవడం కన్నా ఈ రెండోదే నాకు బరువుగా తోస్తుంది. రోజుకు ఇన్ని కిలోమీటర్లు తొక్కితేనే ఫలానాది కొనిస్తానని షరతు పెట్టుకున్న ఇల్లయితే, మీటరు తక్కువ చూపిన ప్రతిసారీ పిల్లల మాట మీద నమ్మకం కొంచెం తగ్గుతుంది. ఆ మీటరు లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే సగం గొడవలు ఉండవు. మిగతా సగం ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలుతో తేలిపోతాయి.

చక్రం ఎన్ని చుట్లు తిరిగింది?

ముందు చక్రం స్పోకుకి ఒక చిన్న అయస్కాంతం బిగించి ఉంటుంది. దానికి ఎదురుగా ఫోర్కు మీద సెన్సరు ఉంటుంది. సెన్సరు లోపల ఉండేది రీడ్ స్విచ్: సన్నటి గాజు గొట్టంలో రెండు పల్చటి ఇనుప జాతి రేకులు, వాటి మధ్య వెంట్రుకవాసి ఖాళీ. అయస్కాంతం ఎదురుగా వచ్చిన క్షణంలో రేకులు రెండూ అంటుకుంటాయి, అది దాటగానే విడిపోతాయి. చక్రం ఒక చుట్టు తిరిగితే స్విచ్ ఒకసారి వేసి ఆర్పినట్టు. ఆ ఒక్క "టిక్" కబురునే సెన్సరు తీగ లేకుండా హ్యాండిల్ మీది మీటరుకి పంపుతుంది.

అంటే మీటరు దూరాన్ని నేరుగా కొలవడం లేదు. టిక్కులు లెక్కపెట్టి, వాటిని చక్రం చుట్టుకొలతతో గుణిస్తోంది. 26 అంగుళాల చక్రానికి రెండు అంగుళాల టైరు ఉంటే చుట్టుకొలత సుమారు 2.05 మీటర్లు. గంటకు 18 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 5 మీటర్లు. కాబట్టి ఆ వేగంలో సెకనుకు దాదాపు రెండున్నర టిక్కులు రావాలి. కిలోమీటరుకి 488. ఒక టిక్కు దారిలో పోతే రెండు మీటర్ల దూరం పోయినట్టే. వరసగా కొన్ని సెకన్లు టిక్కులు రాకపోతే సైకిలు ఆగిందనుకుని మీటరు సున్నా చూపిస్తుంది.

ఇక్కడే ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మీటరులో చక్రం కొలత తప్పుగా ఎక్కిస్తే అది ఎప్పుడూ, ఎక్కడైనా, ఒకే నిష్పత్తిలో తప్పు చూపిస్తుంది. సిగ్నల్ తెగిపోవడం అలా ఉండదు. ఒకచోట పోతుంది, ఒకచోట ఉంటుంది. ఒకరోజు పోతుంది, ఒకరోజు ఉంటుంది. ఆ ఎగుడుదిగుడే మనకు ఆధారం.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. 1895లో అమెరికాలో కర్టిస్ వీడర్ తయారు చేసిన సైక్లోమీటరులో స్పోకు మీది చిన్న మేకు ప్రతి చుట్టుకీ ఒక నక్షత్రం ఆకారపు పళ్ల చక్రాన్ని ఒక పన్ను ముందుకి తోసేది. అదే ఏడాది కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ తీగ లేకుండా విద్యుత్ తరంగాలతో దూరంగా ఉన్న గంట మోగించి చూపించాడు. ఇవాళ మన పిల్లల హ్యాండిల్ మీద ఆ రెండూ కలిసి కూర్చున్నాయి.

తీగ లేని కబురు రెండు రకాలు

చవక రకం మీటర్లలో ఎక్కువ భాగం పాత పద్ధతివి, అంటే అనలాగ్. ఫోనుకి కలపడం, పెయిర్ చేయడం వంటివి లేకుండా బిగించగానే పనిచేస్తే అది దాదాపుగా ఇదే రకం. సెన్సరులో ఒక తీగచుట్ట, మీటరులో ఒక తీగచుట్ట ఉంటాయి. ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదానిలో చిన్న విద్యుత్తు పుట్టిస్తుంది. రేడియో స్టేషను కన్నా ట్రాన్స్‌ఫార్మరుకి దగ్గరి చుట్టం ఇది. అందుకే దీని రేంజి 60, 70 సెంటీమీటర్లు దాటదు.

పదో తరగతి పిల్లలు శ్రద్ధగా చూడాల్సిన సంగతి ఇక్కడ ఉంది. ఇలాంటి చిన్న తీగచుట్ట క్షేత్రం దూరం పెరిగేకొద్దీ దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే బలం సగం అవుతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ ఎనిమిదో వంతు అవుతుంది. దీన్నే తిరగేసి చూడండి: సెన్సరుని 60 సెంటీమీటర్ల దూరం నుంచి 45కి తెస్తే బలం 60ని 45తో భాగించి ఘనం చేసినంత, అంటే సుమారు 2.4 రెట్లు పెరుగుతుంది. పదిహేను సెంటీమీటర్లు జరపడానికి పైసా ఖర్చు లేదు. సెన్సరు ఏ వైపు తిరిగి ఉందన్నది కూడా ముఖ్యమే. తీగచుట్టలు రెండూ ఒకదానికొకటి అడ్డంగా పడితే దగ్గరగా ఉన్నా కబురు అందదు.

రెండో రకం బ్లూటూత్, ఏఎన్‌టీ ప్లస్ అనే డిజిటల్ పద్ధతులు. ఇవి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. వైఫై కూడా అక్కడే, వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. మన దేశంలో 2005లో వచ్చిన నిబంధనలతో ఈ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. అందరూ వచ్చి చేరింది అందుకే. ఇందులో ప్రతి సెన్సరుకీ సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి పక్కవాడి సైకిలు కబురు మన మీటరులో పడదు. అనలాగ్ రకంలో ఆ రక్షణ సాధారణంగా ఉండదు. ఇద్దరు స్నేహితులు ఒకే రకం మీటర్లతో భుజం భుజం ఆనించుకుని తొక్కితే ఒకరి చక్రం టిక్కులు ఇంకొకరి లెక్కలో పడతాయి.

పాలప్యాకెట్ల లెక్క, కరెంటు మీటరు లెక్క

ఈ రెండు రకాల మధ్య అసలైన తేడా నా దృష్టిలో వేరే చోట ఉంది. పాలప్యాకెట్ వేసినరోజు క్యాలెండరు మీద గీత గీసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఒకరోజు గీయడం మరిచిపోతే ఆ ప్యాకెట్ లెక్కలోంచి శాశ్వతంగా పోయినట్టే. కరెంటు మీటరు అలా కాదు. రీడింగు తీసే మనిషి ఒక నెల రాకపోయినా, వచ్చే నెల వచ్చి చూస్తే మధ్యలో వాడిన యూనిట్లన్నీ అందులోనే ఉంటాయి. ఎందుకంటే మీటరు ఈ నెల ఎంత అని చెప్పదు, మొదటినుంచి ఇప్పటిదాకా మొత్తం ఎంత అని చెబుతుంది.

అనలాగ్ సైకిల్ మీటరుది పాలప్యాకెట్ల లెక్క. దారిలో పోయిన టిక్కు తిరిగి రాదు. డిజిటల్ సెన్సరుది కరెంటు మీటరు లెక్క. అది "ఒక చుట్టు తిరిగింది" అని చెప్పదు. "ఇప్పటిదాకా మొత్తం 4,812 చుట్లు, చివరి చుట్టు ఫలానా సమయంలో" అని చెబుతుంది. ఆ సమయాన్ని సెకనులో 1,024వ వంతు దాకా లెక్కగడుతుంది. ఏఎన్‌టీ ప్లస్ సెన్సరు ఈ మొత్తాన్ని సెకనుకు సుమారు నాలుగుసార్లు పంపుతూనే ఉంటుంది. మధ్యలో పది సెకన్లు కబురు అందకపోతే స్క్రీను మీద వేగం ఆగిపోయినట్టు కనిపించవచ్చు కానీ, కబురు తిరిగి అందగానే దూరం సరిపోతుంది.

కాబట్టి పిల్లల మీటరు ఏ రకమో ముందు తెలుసుకోండి. అనలాగ్ మీటరు తక్కువ చూపింది అంటే నిజంగా తక్కువ తొక్కారని అర్థం కాదు.

ఒక ఇంటి క్యాలెండరు

మన గాజులరామారంలో ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయి ఇంట్లో నెల రోజులు నడిచిన లెక్క ఇది. వాళ్ల నాన్నగారు ఒక షరతు పెట్టారు: నెలలో 240 కిలోమీటర్లు తొక్కితే ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాకుకి తీసుకెళతానని. 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్లతో ప్రారంభమైన ఆ ట్రాకు మనకు ఊరికి ఆ చివర, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉంది. పైన సోలార్ పలకల కప్పు, లారీల భయం లేదు. పిల్లవాడికి అది పండగే.

వాడు కాలనీ లోపలే, రౌండుకి 800 మీటర్ల దారిలో, రోజుకు పది రౌండ్లు వేసేవాడు. అంటే 8 కిలోమీటర్లు. నాన్నగారు రోజూ రాత్రి మీటరు చూసి క్యాలెండరు మీద రాశారు. నెలాఖరుకి కూడితే 210 వచ్చింది. ఆదివారాలు నాలుగూ 8.0 ఉన్నాయి. మిగతా రోజుల్లో ఒక్క బుధవారం తప్ప అన్నీ 6.8.

నాన్నగారు ఆదివారమే ఇంట్లో ఉంటారు. ఆయనకు తోచిన అర్థం మీకు ఈపాటికి తోచే ఉంటుంది: నేను చూస్తున్నప్పుడు పూర్తిగా తొక్కుతున్నాడు, చూడనప్పుడు ఎగ్గొడుతున్నాడు. క్యాలెండరు అలాగే కనిపిస్తోంది మరి. అబ్బాయి ఏడ్చాడు, తర్వాత రెండు రోజులు సైకిలు ముట్టుకోలేదు. వాళ్లమ్మగారు ఆ క్యాలెండరు ఫోటో తీసి భౌతికశాస్త్రం టీచరుకి పంపారు.

ఆ ఫోటోలోనే మూడు ఆధారాలున్నాయి. మొదటిది, 6.8ని 0.8తో భాగిస్తే ఎనిమిదిన్నర వస్తుంది. రౌండు ఎగ్గొట్టే పిల్లవాడు పూర్తి రౌండ్లే ఎగ్గొడతాడు, అప్పుడు 7.2 లేదా 6.4 రావాలి. 25 రోజులపాటు ప్రతిరోజూ సరిగ్గా ఎనిమిదిన్నర దగ్గర ఆగే పిల్లవాణ్ని నేనైతే చూడలేదు. రెండోది, లోటు ఎప్పుడూ 1.2 కిలోమీటర్లే. పది రౌండ్లకు 1.2 అంటే రౌండుకి 120 మీటర్లు. మూడోది ఆ బుధవారం. నాన్నగారు ఇంట్లో లేరు, అయినా 8.0 ఉంది. ఆ సాయంత్రం కాలనీలో కరెంటు లేదు.

పరీక్ష ఎలా చేశారంటే, రౌండుని నాలుగు ముక్కలుగా విడగొట్టి సుద్దతో గీతలు గీశారు. వాళ్లక్క స్కూటీ మీద వెంట వెళ్లి ప్రతి గీత దగ్గరా మీటరు అంకె నోటుబుక్కులో రాసింది. మూడు ముక్కల్లో 200 మీటర్లకు 0.20 చొప్పున సరిగ్గా వచ్చింది. మూడో ముక్కలో మాత్రం 0.08 వచ్చింది. పోయిన 120 మీటర్లూ అక్కడే. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో అది 24 సెకన్ల దూరం, 58 టిక్కులు.

ఆ ముక్కలో ఒక చిన్న మెషీన్ షాపు ఉంది. జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కన కాపురం ఉండే మనకు ఇలాంటి షెడ్లు కొత్త కాదు. ఇప్పటి షెడ్లలో మోటారు వేగాన్ని ఎలక్ట్రానిక్ డ్రైవులతో తగ్గిస్తారు, పెంచుతారు. ఆ డ్రైవులు కరెంటుని సెకనుకు కొన్ని వేలసార్లు వేసి ఆర్పుతూ పనిచేస్తాయి. అనలాగ్ సైకిల్ మీటర్లు వినే తరంగాలు కూడా కొన్ని వేల హెర్ట్జ్‌ల నుంచి లక్షకు పైగా హెర్ట్జ్‌ల దాకా ఉంటాయి. షెడ్డుకి వెళ్లే తీగలు రోడ్డు పొడవునా పైన వేలాడుతుంటే ఆ రొద తీగల వెంట కొంతదూరం పాకుతుంది. పక్కన డీజే మోగుతుంటే చెవిలో చెప్పిన మాట వినపడనట్టే, మీటరుకి టిక్కు వినపడదు. షెడ్డుకి ఆదివారం సెలవు. బుధవారం కరెంటు లేదు. నాన్నగారు ఇంట్లో ఉండటానికీ మీటరు సరిగ్గా చూపడానికీ సంబంధమల్లా వాటి సెలవు ఒకే రోజు కావడం.

షెడ్డు వాళ్లని తప్పు పట్టాల్సింది లేదు, వాళ్ల పని వాళ్లది. సెన్సరుని ఫోర్కు మీద పైకి జరిపారు, అయస్కాంతాన్ని కూడా దానికి ఎదురుగా జరిపారు. మీటరుకి దూరం 60 నుంచి 45 సెంటీమీటర్లకు తగ్గింది. పైన వేసిన లెక్క ప్రకారం సిగ్నల్ 2.4 రెట్లు. షెడ్డు నడుస్తున్న సోమవారం పది రౌండ్లకు 7.9 వచ్చింది. క్యాలెండరులోని 25 రోజులకు రోజుకి 1.2 చొప్పున 30 కలిపితే 210 కాస్తా 240 అయింది. నాన్నగారు ఆ కూడిక తన చేత్తోనే క్యాలెండరు మీద వేసి, పిల్లవాణ్ని పిలిచి చూపించారట. ఆ తర్వాతి ఆదివారం కొల్లూరు వైపు వెళ్లారు.

మీ ఇంట్లో ఎక్కడ వెతకాలి

ప్రతి ఇంటి పక్కనా మెషీన్ షాపు ఉండదు. చాలాసార్లు కారణం ఇంతకన్నా మామూలుది. ఎప్పుడు పోతోంది అన్న ప్రశ్నతో మొదలుపెడితే త్వరగా దొరుకుతుంది.

స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగిన తర్వాత పోతుంటే అయస్కాంతం జారింది. దాని స్క్రూ వదులై స్పోకు మీద కిందికి జారడమో, సెన్సరుని పట్టుకున్న ప్లాస్టిక్ ట్యాగు సడలి అది పక్కకు తిరగడమో జరుగుతుంది. మన కాలనీ రోడ్ల మీద నెలకోసారైనా చూడాల్సిన విషయం ఇది. అయస్కాంతానికీ సెన్సరుకీ మధ్య ఖాళీ 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఒక పెన్సిలు మందం కన్నా తక్కువ అనుకోండి. సెన్సరు మీద చిన్న గీత ఉంటే అయస్కాంతం సరిగ్గా ఆ గీత ముందు నుంచి వెళ్లాలి.

మెల్లగా తొక్కితే బాగుండి, వేగం పెరిగితే పోతుంటే కూడా అనుమానం ఆ ఖాళీ మీదే. వేగంలో అయస్కాంతం ఎదురుగా ఉండే సమయం తగ్గుతుంది. ఖాళీ ఎక్కువైతే రేకులు అంటుకునేలోపే అది దాటిపోతుంది.

ముందు షాక్ అబ్జార్బర్లున్న సైకిళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. వాటి ఫోర్కు లావుగా ఉండి స్పోకులకు దూరంగా ఉంటుంది, సెన్సరు కింది భాగానికే కట్టగలం. అంటే అయస్కాంతానికి దూరం, మీటరుకీ దూరం. పెద్ద చక్రాల సైకిలైతే 70 సెంటీమీటర్ల రేంజి అక్కడే అయిపోతుంది. సెన్సరు వెనక రబ్బరు ముక్క పెట్టి స్పోకుల వైపు జరపండి. మీటరుని హ్యాండిల్ మధ్య నుంచి సెన్సరు ఉన్న పక్కకు తీసుకురండి.

సాయంత్రం మాత్రమే పోతుంటే హెడ్‌లైటు చూడండి. చార్జింగ్ ఎల్‌ఈడీ లైట్లలో కొన్ని లోపల కరెంటుని వేగంగా వేసి ఆర్పుతుంటాయి. అవి మీటరుకి ఆనుకుని ఉంటే మెషీన్ షాపు హ్యాండిల్ మీదే ఉన్నట్టు. జానెడు దూరం జరిపితే చాలావరకు పోతుంది. పవర్ బ్యాంకు నుంచి ఫోను చార్జి చేస్తూ తొక్కే పిల్లలదీ ఇదే సమస్య.

సైకిలు ఆగి ఉన్నప్పుడు మీటరు 40, 60 కిలోమీటర్ల వేగం చూపించడం కూడా ఇదే జబ్బు. బయటి రొదని అది టిక్కులనుకుంటోంది. పిల్లలు దీన్ని చూసి సరదాపడతారు కానీ, ఆ రోజు "గరిష్ఠ వేగం" అంకెని నమ్మకండి.

ఇప్పుడు పరీక్ష. సైకిలుని తలకిందులుగా నిలబెట్టండి. టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి, ముందు చక్రాన్ని చేత్తో 100 చుట్లు తిప్పమనండి. ముందు చక్రమే, ఎందుకంటే వెనకదానికి చైను ఉంది, వేళ్లు జాగ్రత్త. చుట్టుకొలత 2.05 అయితే మీటరు 0.20 లేదా 0.21 చూపాలి. చూపితే అయస్కాంతం, సెన్సరు, సెల్లు అన్నీ బాగున్నట్టే, తప్పు రోడ్డు మీద ఉంది. తక్కువ చూపితే తప్పు సైకిలు మీదే ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చండి: ఖాళీ తగ్గించి 100 చుట్లు, తర్వాత లైటు వేసి 100 చుట్లు, తర్వాత సెల్లు మార్చి 100 చుట్లు. మూడూ ఒకేసారి మారిస్తే మీటరు బాగవుతుంది కానీ ఎందుకు బాగయిందో తెలియదు, వచ్చే నెల మళ్లీ మొదటికొస్తారు. పిల్లలకు ఓపిక తక్కువ. ఈ ఒక్క విషయంలో మీరు పట్టుబట్టాలి.

బ్లూటూత్ రకం అయితే

దీనిలో చక్రం దగ్గర తప్పులు తక్కువ, ఫోను దగ్గర తప్పులు ఎక్కువ. నాకు తెలిసిన ఫిర్యాదుల్లో అన్నిటికన్నా తరచుగా కనిపించేది ఇది: సెన్సరు అప్పటికే ఇంట్లో ఇంకో ఫోనుకి కలిసిపోయి ఉంటుంది. చాలా బ్లూటూత్ సెన్సర్లు ఒకసారికి ఒక్క పరికరంతోనే మాట్లాడతాయి. మొదటిరోజు నాన్న ఫోనులో యాప్ వేసి చూశారు, తర్వాత మరిచిపోయారు. సైకిలు సెల్లారు నుంచి బయల్దేరేటప్పటికి నాన్న ఫోను పైఅంతస్తు బాల్కనీలోంచి దాన్ని పట్టేసుకుంటుంది. పిల్లవాడి మీటరుకి "సెన్సరు దొరకలేదు" అని వస్తుంది. పాత ఫోనులోంచి ఆ సెన్సరుని తీసేయండి. కలిపేటప్పుడు కూడా ఫోను సెట్టింగుల్లోంచి కాకుండా యాప్ లోపలినుంచే కలపండి.

ఫోనునే మీటరుగా వాడితే బ్యాటరీ సేవర్ ఇంకో దొంగ. స్క్రీను ఆరగానే అది వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంది. ఆ యాప్‌కి మినహాయింపు ఇవ్వాలి.

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. నీళ్లున్న మన శరీరం దాన్ని బాగా పీల్చుకుంటుంది. ఫోను వెనక జేబులో, సెన్సరు ముందు చక్రం హబ్ మీద ఉంటే మధ్యలో మనిషే అడ్డం. ఫోను హ్యాండిల్‌కి వస్తే సరిపోతుంది. అపార్టుమెంటు గేటు దగ్గరే పోయి రోడ్డెక్కగానే వస్తుంటే వైఫై రద్దీ అయి ఉండవచ్చు. ఏఎన్‌టీ ప్లస్ సైకిల్ సెన్సర్లు పనిచేసే 2,457 మెగాహెర్ట్జ్ చోటు వైఫై 10వ ఛానల్‌కి సరిగ్గా మధ్యలో, 11వ ఛానల్ పరిధిలో పడుతుంది. బ్లూటూత్ ఒకేచోట ఉండదు, కబురు కబురుకీ ఛానల్ మారుస్తూ ఖాళీ ఉన్నచోటికి గెంతుతుంది కాబట్టి దానికి ఈ బాధ తక్కువ. ఈ గెంతే ఉపాయానికి 1942లో అమెరికాలో పేటెంటు పొందిన ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ సినీ నటి హెడీ లామర్ అని చెబితే పిల్లలు నమ్మరు. వెతికి చూడమనండి.

అయస్కాంతం లేని హబ్ సెన్సర్లు కదలిక లేకపోతే నిద్రపోతాయి. కలిపే ముందు చక్రాన్ని ఒకసారి తిప్పండి.

సెల్లు సంగతి, ఇంట్లో చిన్నపిల్లలుంటే తప్పక చదవండి

చాలా సెన్సర్లలో ఉండేది సీఆర్2032 అనే నాణెం లాంటి సెల్లు. ఆ అంకెలకు అర్థం ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. కొత్తది 3 వోల్టులు. మల్టీమీటరు పెట్టి చూస్తే సగం అయిపోయిన సెల్లు కూడా 3కి దగ్గరగానే చూపి మోసం చేస్తుంది. వాడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. కబురు పంపే క్షణంలో కరెంటు లాగగానే వోల్టేజి కిందికి పడిపోతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలికి ఇది ఇంకా ఎక్కువ. ఉదయం పోయి ఎండ ఎక్కాక వచ్చే సిగ్నల్‌కి మొదటి మందు కొత్త సెల్లు. వర్షాకాలంలో మూత తీసి లోపలి రేకులు పొడిబట్టతో తుడవండి. కొన్ని కంపెనీలు పిల్లలు నోట్లో పెట్టుకోకుండా సెల్లు మీద చేదు పూత వేస్తాయి. చిన్న పరికరాల్లో ఆ పూత వల్ల ఒక్కోసారి రేకు సరిగ్గా అంటదు. కొత్త సెల్లు వేసినా పనిచేయకపోతే అదొక కారణం.

అంతమాత్రాన చేదు పూతని తిట్టుకోవద్దు. ఈ సెల్లుని పసిపిల్లలు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేయగలదు. అయిపోయిందని పక్కన పెట్టిన సెల్లులో కూడా ఆ పని చేసేంత శక్తి మిగిలే ఉంటుంది. అన్న సెన్సరు సెల్లు మారుస్తుంటే పక్కన తమ్ముడో చెల్లెలో ఉండే ఇళ్లు మనవి. సెల్లు మార్చడం పెద్దవాళ్లే చేయండి. పాతదానికి రెండు వైపులా టేపు చుట్టి ఎత్తైన చోట పెట్టి, ఈ-వేస్ట్ సేకరణ పెట్టెలో వేయండి. మింగారన్న అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా, రేపు చూద్దామనుకోకుండా వెంటనే ఎక్స్‌రే సదుపాయమున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రోడ్డు మీద మీటరు ఆగిపోతే పిల్లలు చేసే పని కూడా ఒకటి చెప్పాలి. తల వంచి దాన్నే చూస్తూ, వేలితో తడుతూ తొక్కుతారు. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కిందికి చూస్తే 15 మీటర్లు చూడకుండా వెళ్లినట్టు. షాపూర్‌నగర్, సూరారం వైపు నర్సాపూర్ రోడ్డు మీద లారీల మధ్య ఆ 15 మీటర్లు చాలా ఎక్కువ. మీటరు పోతే పోనివ్వమనండి, పక్కకు ఆపి చూడమనండి.

పిల్లలకు ఈ నెల లెక్క: ఒక సైకిలు చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు. తలకిందులుగా పెట్టి 200 చుట్లు తిప్పితే, లైటు ఆర్పి ఉన్నప్పుడు మీటరు 0.42 చూపింది, లైటు వేసినప్పుడు 0.35 చూపింది. ఎన్ని టిక్కులు పోయాయి? లైటుని మీటరు నుంచి 5 సెంటీమీటర్ల దూరం నుంచి 15కి జరిపితే దాని రొద ఎన్నో వంతుకి తగ్గుతుంది? జవాబులతో పాటు, ఇంట్లో చేసిన 100 చుట్ల పరీక్ష పట్టిక ఉంటే నెలలో చివరి శనివారం భౌతికశాస్త్రం ల్యాబ్‌కి తీసుకురండి. అయస్కాంతం, రీడ్ స్విచ్, చిన్న బల్బు పెట్టిన చక్రం నమూనా అక్కడ ఉంటుంది.